కోడిపెట్ట కడుపులో

పై వీధిలో మూడో ఇంటి ముందు ట్రాక్టరు ఆపి, ట్యాంకరు గొట్టం దింపి, కుళాయి తిప్పిన తర్వాతే అతను వెనక్కి తిరిగి గేటు స్తంభం వైపు చూశాడు. స్తంభం అంచున జానెడు పొడుగున ఎర్రరంగు గీత తాజాగా మెరుస్తోంది. ఆ రంగు ట్రాక్టరు ఎడమ మడ్‌గార్డుది. తగిలిన చప్పుడు అతనికి వినిపించలేదు, కుదుపూ తెలియలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజూ పొద్దున్నే తిరిగే మలుపు అది. నిద్రలో లేపి తిప్పమన్నా తిప్పగలనని మొన్నమొన్నటిదాకా అనుకునేవాడు.

మెడలో ఉన్న తువ్వాలు తీసి, చివర తడిపి స్తంభాన్ని గబగబా తుడిచాడు. గీత పోలేదు సరికదా ఇంకాస్త పులుముకుంది. ఇంతలో ఆ ఇంటి ముసలావిడ రెండు బకెట్లు పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏంటి ట్యాంకరూ, ఇవాళ కూడా నీళ్ళు తెచ్చావా? ఊరేగింపు కదా, రావనుకున్నా."

"ఊరేగింపైతే మాత్రం దాహం వెయ్యదాండీ" అన్నాడతను, స్తంభానికి తన వీపు అడ్డం పెడుతూ.

"ఏం తుడుస్తున్నావు?"

"దుమ్మండీ."

ఆవిడ బకెట్లు నింపుకుని లోపలికి వెళ్ళేదాకా అతను అక్కణ్ణించి కదల్లేదు. నడుము మీద చెమట చల్లగా జారింది. ఎండ ఇంకా రానేలేదు.

ఊరంతా అతన్ని ట్యాంకరు అనే పిలుస్తుంది. అతని భార్య ట్యాంకరు గారి ఆవిడ. అతను పెంచిన మేనకోడలు బళ్ళో చదివే రోజుల్లో చిన్న ట్యాంకరు. పొట్టి మనిషి, మెడ కొంచెం లావు, అరచేతులు స్టీరింగు పట్టీపట్టీ బూట్ల అడుగుల్లా గట్టిపడ్డాయి. ఒకరితో తగువు పడ్డాడని గాని, ఒక చోట నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాడని గాని ఎవరూ చెప్పరు. నీళ్ళు రాని రోజు మాత్రమే ఊరికి అతను గుర్తొస్తాడు. అలా గుర్తొచ్చిన రోజులు ముప్ఫై ఒక్క ఏళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఊరు అతని వెనకే నడుస్తుంది. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజుల్లో ఒక ఆదివారం ఊరేగింపు జరుగుతుంది. వీధికో శకటం. ఎవరి శకటం వాళ్ళే ఇంట్లో చేసుకుంటారు. అట్టపెట్టెలు, వెదురు బద్దలు, పాత దుప్పట్లు, మైదాపిండి జిగురు, ఏది దొరికితే అది. అన్నిటికన్నా ముందు నడిచేది వడ్రంగి శకటం. ఒక ఏడు పొగలు కక్కే టీ కెటిలు చేశాడు. ఇంకో ఏడు ఇల్లంత బూటు చేసి, దాని తాళ్ళు కట్టడానికి ఆరుగురిని ఎక్కించాడు. ఏది చేసినా దాన్ని ట్రాక్టరు మీదే నిలబెడతాడు, ఆ ట్రాక్టరు ట్యాంకరుదే. కాబట్టి కెటిలు కడుపులోనూ బూటు మడమలోనూ కూర్చుని బండి తోలింది అతనే. ఊరేగింపంటే అతనికి తెలిసిందల్లా చూపు కోసం ఎదుట వదిలిన సన్నటి సందులోంచి కనిపించే రోడ్డు ముక్క, డీజిలు వాసన, చుట్టూ జనం నవ్వు. ఆ నవ్వు ఎందుకో అతనికి ఎప్పుడూ తెలిసేది కాదు.

కన్ను రెండేళ్ళ కిందట మొదలైంది. ఒకరోజు గోడ గడియారంలో ఎడమవైపు అంకెలు లేవనిపించింది. కుడికన్ను మూసి చూస్తే అద్దం మీద పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పట్నం వెళ్ళి కంటి డాక్టరుకు చూపించుకున్నాడు.

"నరం ఎండిపోయింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్న కన్ను కాపాడుకోవాలి" అని డాక్టరు చుక్కలమందు రాసిచ్చాడు. "ఏం పని చేస్తారు?"

"తోటపనండీ" అన్నాడతను.

"అయితే పర్వాలేదు. బళ్ళు మాత్రం నడపకండి."

తిరుగు ప్రయాణంలో బస్సు డ్రైవరు భుజాన్నే చూస్తూ కూర్చున్నాడు. బండి తోలకపోతే తను ఎవరు, పొద్దున్న ఐదింటికి లేచి ఏం చెయ్యాలి అని ఆలోచించాడు. మర్నాడు ఐదింటికి లేచి ట్యాంకరు నింపాడు.

భార్యకు చెప్పలేదు. చెప్పకపోయినా, కొన్నాళ్ళకు కంచానికి ఎడమపక్కన ఉండే టీ గ్లాసు కుడిపక్కకు వచ్చింది. గుమ్మం దగ్గరి ముక్కాలిపీట గది మూలకు పోయింది. ఎడమవైపు తలుపు ఎప్పుడూ ఓరగా ఉండేది, ఇప్పుడు గోడకు ఆనించి దానికి ఇటుక పెట్టి ఉంటోంది. ఇద్దరూ దాన్ని గురించి ఒక్క మాటా అనుకోలేదు. ఆ ఇంట్లో వస్తువులన్నీ ఒక్కొక్కటిగా కుడివైపుకు జరిగాయి.

నీళ్ళు పంచి, ట్యాంకరు విప్పి, ట్రాక్టరు వడ్రంగికి అప్పజెప్పి ఇంటికి వచ్చేసరికి మేనకోడలు అరుగు మీద కూర్చుని చొక్కా చేతులు మడుచుకుంటోంది. పాలకేంద్రం వ్యాను తోలుతుంది. అతని అక్క పోయినప్పుడు ఈ పిల్లకు నాలుగేళ్ళు. అతని ఒళ్ళో కూర్చునే స్టీరింగు పట్టింది, అతను చెప్తుంటే నేర్చుకుంది. ఊరేగింపులో దాని పని, ఏటవాలులో బండి ఆగితే వెనక చక్రం కింద చెక్కమొద్దు పెట్టడం.

"మావయ్యా, ఈసారి నేను తోలనా? నువ్వు ఒక్క ఏడైనా బయట నిలబడి చూడు."

"మొద్దు మోసుకురా చాలు" అన్నాడు. అన్న తర్వాత అంత కటువుగా అనాల్సింది కాదనిపించింది. కాని అప్పటికే అది తల పక్కకు తిప్పుకుంది.

భార్య టీ తెచ్చి కుడిచేతికి అందించింది. "ఇదిగో, ఈసారి బండికి ముందు నేను నడుస్తా."

"వడ్రంగి నడుస్తాడుగా."

"ఆయన జనంతో మాట్లాడుకుంటూ నడుస్తాడు. నేను నీతో నడుస్తా" అని, ఎర్రగుడ్డ ముక్క ఒకటి చూపించింది. "ఇది కనిపిస్తే రా. కనిపించకపోతే ఆగు."

అతను గ్లాసులోకి చూస్తూ తలూపాడు. టీ చల్లారేదాకా తాగలేదు.

కర్రల అడితి వెనక రేకుల కొట్టంలో ట్రాక్టరు చుట్టూ ఈ ఏటి శకటం, కోడిపెట్ట, లేచి నిలబడి ఉంది. వెదురు చట్రం మీద గోనెలు, వాటి మీద దర్జీ కొట్లో మిగిలిన గుడ్డపీలికలు ఈకల్లా వరసలు వరసలుగా కుట్టారు. వెనక ట్రాలీని గంపలా చేసి గడ్డి పరిచారు. అందులో పసుపుపచ్చ టోపీలు పెట్టుకుని పద్నాలుగు మంది పిల్లలు కోడిపిల్లలై కూర్చోవాలి. పంతులమ్మ చేతిలో జాబితా పట్టుకుని ఒక్కొక్కరినే ఎక్కిస్తోంది.

"సందు ఎక్కడుందో కనిపెట్టు చూద్దాం" అన్నాడు వడ్రంగి. అతనూ ట్యాంకరూ ఒకే బెంచీ మీద చదివారు, ఒకే ఏడు చదువు మానేశారు. "నీకే దొరకదు. పోయినేడు లోపల మనిషి ఉన్నాడని పిల్లలు కనిపెట్టేశారని ఈసారి ఈకల మధ్య దాచేశా."

అతను రెక్క కిందినుంచి లోపలికి దూరి సీటు మీద కూర్చున్నాడు. సందు మూడు వేళ్ళ వెడల్పుంది. పోయినేడు నాలుగు. దానికి జాలీ కూడా కొట్టాడు. జాలీలోంచి కొట్టం గుమ్మం, దాని అవతల రోడ్డు గళ్ళుగళ్ళుగా కనిపిస్తున్నాయి. కుడివైపు సగం. ఎడమవైపు ఏమీ లేదు.

"ఎట్లా ఉంది?" అని బయటినుంచి కేక.

చెప్పడానికి అదే సమయం. నోటిదాకా వచ్చింది. ఇంతలో ఎవరో పిల్ల ట్రాలీలోంచి, "తాతా, కోడి ఎప్పుడు నడుస్తుంది?" అని అడిగింది. అది వడ్రంగి మనవరాలు.

"ఇప్పుడేనమ్మా" అన్నాడు వడ్రంగి.

"బానే ఉంది" అన్నాడతను లోపలినుంచి.

బ్యాండు మొదలైంది. అతను మొదటి గేరు వేసి క్లచ్చి మెల్లగా వదిలాడు. సందులో ఎర్రగుడ్డ ఊగుతోంది. చూపుతో దాన్నే పట్టుకున్నాడు. బజారు వీధి తిన్నగా ఉంటుంది, అక్కడ భయం లేదని తనకు తనే చెప్పుకున్నాడు. అయినా చేతులు జారుతున్నాయి. తువ్వాలుతో ఒక చెయ్యి తుడుచుకునేలోపు ఇంకో చెయ్యి తడిసిపోతోంది. లోపల గాలి ఆడదు. గుడ్డపీలికలు ఇంజను వేడికి ఒకరకం కమురువాసన వేస్తున్నాయి. వెనకనుంచి పిల్లలు కీచుకీచుమని అరుస్తుంటే ప్రతి అరుపుకూ కాలు బ్రేకు మీదికి పోతోంది. సంతోషంతో అరిచే పిల్లల గొంతుకూ, కింద పడ్డ పిల్ల గొంతుకూ తేడా ఇంతకుముందు చెవికి తెలిసేది. ఇవాళ చెవి కూడా నమ్మకంగా లేదు.

రొట్టెల కొట్టు దాటారు. మందుల షాపు దాటారు. జనం విరగబడి నవ్వుతున్నారు. పోస్టాఫీసు మలుపు మిగిలింది. ఎడమకు తిరగాలి. తిరగ్గానే వాలు మొదలై, మైదానందాకా ఏకంగా దిగుతుంది. ఎడమ అంచున మురుక్కాలువ, దాని గట్టు మీద జనం, వాళ్ళ ముందు ఏటా అక్కడే కుర్చీ వేసుకునే ముసలి మాస్టారు. పోయినేడు అక్కడ ఎడమ చక్రం కింద గట్టు రాయి ఒకటి కదిలిన సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రాత్రి మొదలు ఈ మలుపు అతని కలలోకి వస్తూనే ఉంది.

స్టీరింగు తిప్పడం మొదలుపెట్టాడు. ఎర్రగుడ్డ కుడివైపు ఉంది. మధ్యకు వచ్చింది. ఎడమకు పోయింది. తర్వాత లేదు.

కనిపించకపోతే ఆగమంది. ఆగాలి. ఆగితే వెనక బ్యాండు ఆగుతుంది, పన్నెండు శకటాలూ ఆగుతాయి, ఏమైందని అందరూ వస్తారు. ఏం చెప్పాలి? ఎవరినో పక్కకు జరపడానికి వెళ్ళుంటుంది, ఇప్పుడే వచ్చేస్తుంది. ఒకటి లెక్కపెట్టాడు. రెండు లెక్కపెట్టాడు. బండి కదులుతూనే ఉంది.

చక్రం కింద ఫట్‌మని ఏదో విరిగింది.

ఆ వెంటనే భార్య అరచేతులు రెండూ కోడి మెడ మీద దబదబ బాదాయి. అతను బ్రేకు మీద నిలబడ్డాడు. ట్రాలీ వెనకనుంచి ఒక తోపు తోసి ఆగింది. విరిగింది ఏమిటో ఇంకా తెలియదు. ఆ తెలియని రెండు క్షణాల్లో అతను చూడగూడనివన్నీ చూశాడు.

సందులో భార్య ముఖం కనిపించింది. జాలీకి పెదాలు ఆనించి, మెల్లగా అంది. "ఏం కాలేదు. మాస్టారి చేతికర్ర. కర్రే విరిగింది. కుర్చీ లాగేశాను, ఆయన బానే ఉన్నారు. ఎవరూ చూడలేదు. పద."

ఆమె మాట తొణకలేదు. కాని జాలీ పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. కర్ర ఉన్నచోట మాస్టారి కాలు ఉండేది. ఆమె లాగకపోయుంటే ఉండేది. ఇంకో అర నిమిషం పోతే వాలు. వాలులో పద్నాలుగు మంది పిల్లలు.

"పద" అంది ఆమె మళ్ళీ.

అతను ఇంజను ఆపేశాడు.

ఆ చప్పుడు ఆగేసరికి లోకమంతా దగ్గరికి వచ్చినట్టయింది. బ్యాండు ఒక్కొక్క వాయిద్యంగా తడబడుతూ ఆగింది. అతను రెక్క కిందినుంచి పాక్కుంటూ బయటికొచ్చి నిలబడ్డాడు. ఎండ ముఖాన కొట్టింది. పంతులమ్మ పరుగున వచ్చింది.

"ఏమైందండీ? పిల్లల్ని దించమంటారా?"

వడ్రంగి వచ్చాడు. మేనకోడలు వెనక చక్రం కింద మొద్దు తోసి, మోకాళ్ళు దులుపుకుంటూ వచ్చింది.

"నాకు ఎడమకన్ను కనిపించదు" అన్నాడతను. ఇవాళ్టికి నీళ్ళయిపోయాయి అని చెప్పే గొంతుతోనే అన్నాడు. "రెండేళ్ళయింది."

వడ్రంగి తలెత్తి ట్రాలీ వైపు చూశాడు, మళ్ళీ ఇతని వైపు చూశాడు.

"అంటే పోయినేడు కూడానా?"

"పోయినేడు కూడా."

"పైన నా మనవరాలుందిరా" అన్నాడు వడ్రంగి. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నాకు తెలుసు. నాకు తెలిసీ ఊరుకున్నా" అని భార్య వచ్చి అతని పక్కన నిలబడింది. ఎర్రగుడ్డ చేతికి చుట్టుకుని ఉంది.

గట్టు మీద కుర్చీలో మాస్టారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఆయనకు తొంభై దగ్గర, వినపడదు. ట్యాంకరు వెళ్ళి చక్రం పక్కనుంచి కర్ర ముక్కలు రెండూ ఏరి, ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కర్ర విరగ్గొట్టానండీ. కొత్తది చేయించి తెస్తా."

"అయిపోయిందా అప్పుడే?" అన్నారు మాస్టారు. "కోడి బాగుంది."

జనంలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ట్యాంకరు లేచి వెనక్కి వచ్చేసరికి మేనకోడలు రెక్క దగ్గర నిలబడి ఉంది. అడగలేదు. అతని నోటివెంట రావాలని చూస్తోంది.

"రెండో గేరులో దించు" అన్నాడు. "బ్రేకు మీద కాలుంచకు, ఇంజనే పట్టుకుంటుంది. అత్త చేతిలో గుడ్డ కనిపించకపోతే ఆపెయ్. ఎవరేమనుకున్నా సరే, ఆపెయ్."

"సరే మావయ్యా."

అది లోపలికి దూరింది. మొద్దు అతను తీశాడు. ఇంజను దగ్గి అందుకుంది. వడ్రంగి ఇతని వైపు చూడకుండా ట్రాలీ అవతలి పక్కకు పోయి, మనవరాలు కూర్చున్న చోట అంచు పట్టుకుని నడవసాగాడు.

మొద్దు చంకన పెట్టుకుని అతను కుడిపక్క గోడవారగా నడిచాడు. అప్పుడు చూశాడు. కోడి మెడలో వడ్రంగి స్ప్రింగు పెట్టాడు. గేరు మారినప్పుడల్లా, రోడ్డు మీద చిన్న గుంట తగిలినప్పుడల్లా అంత పెద్ద తలకాయ ముందుకు వంగి జనాన్ని పొడవబోతుంది, మళ్ళీ ఉలిక్కిపడ్డట్టు వెనక్కి పోతుంది. దాని ముక్కు కింద నిలబడ్డవాళ్ళు కేకలేస్తూ వంగుతున్నారు, వంగి నవ్వుతున్నారు. దానికి తగ్గట్టు వెనక గంపలో పద్నాలుగు పసుపు టోపీలూ ఒక్కసారే ముందుకు ఊగుతున్నాయి. తనే తోలిన కెటిలు మూతా, బూటు తాళ్ళూ కూడా ఇలాగే ఎగిరుంటాయని అతనికి ఇప్పుడు తోచింది. పక్కనున్నవాళ్ళతో పాటు తనకూ నవ్వొచ్చింది. నోరు తెరిచాడు గాని నవ్వు గొంతు దాటలేదు.

వాలు పొడుగునా అతని ఎడమకాలు అక్కడ లేని క్లచ్చిని తొక్కుతూనే ఉంది. ఇక్కడ కొంచెం కుడికి అనుకున్నచోట బండి కుడికి జరిగింది. ఇక్కడ ఆగాలి అనుకున్నచోట ఆగింది. ఒకచోట మాత్రం మేనకోడలు అతను జరపనంత దూరం జరిపి, గట్టుకు బారెడు వదిలి పోనిచ్చింది. అతను ఎప్పుడూ అంత వదల్లేదు. వదలాల్సిందే అనుకున్నాడు.

మైదానంలో పిల్లల్ని దించుతుంటే దూరాన్నించే లెక్కపెట్టాడు. పద్నాలుగు. మరోసారి లెక్కపెట్టాడు. ఆ తర్వాత చూస్తే తన చంకలో మొద్దు ఇంకా ఉంది. దాన్ని తీసుకెళ్ళి చక్రం పక్కన పెట్టాడు.

అక్కడ ఊరంతా ఉంది. కొందరు అతన్ని చూసి దారిచ్చారు. కొందరు చూడనట్టు ఊరుకున్నారు. పంతులమ్మ ఏదో అనబోయి జాబితా మడత పెట్టుకుంది. మేనకోడలు బయటికి వచ్చి ముఖం తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"మావయ్యా, రేపు నీళ్ళు?"

"ఐదింటికి నింపాలి. పై వీధి ముందు, వాళ్ళకి కుళాయి లేదు. మూడో ఇంటి దగ్గర వెడల్పుగా తిప్పు, స్తంభానికి ఒక గీత పడింది. అది నేను చేసిందేనని ఆవిడకు చెప్పు." తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. నేనే వెళ్ళి చెప్తా, నడిచి."

"పాలకేంద్రం వాళ్ళకి ఏం చెప్పను?"

"ఏడింటికల్లా ట్యాంకరు ఖాళీ అవుతుంది. తర్వాత వ్యాను తోలుకో. కుదరకపోతే ఇంకెవరినైనా చూసుకుంటారు. నేను మాత్రం ఎక్కను."

అది తలూపింది. అతను దాని భుజం మీద చెయ్యి వేశాడు, వేసి తీశాడు.

భార్యాభర్తలు మంచి శకటాలకు బహుమతులు ఇవ్వకముందే బయల్దేరారు. బజారు మీదుగా కాకుండా వెనక సందులోంచి పైకి నడిచారు. పోనుపోను బ్యాండు వినిపించడం తగ్గింది. ఆమె ఎప్పుడూ అతని కుడిపక్కనే నడిచేది. సందు మొదట్లో ఒక్క క్షణం ఆగి, అతని వెనకనుంచి చుట్టి ఎడమపక్కకు వచ్చింది. ఇద్దరూ మలుపు తిరిగి కనుమరుగయ్యారు.

పొద్దు వాలకముందే మేనకోడలు కోడిని అడితి వెనక కొట్టంలోకి తోలింది. రేపటికి ట్రాక్టరు కావాలి గనక వడ్రంగి వెదురు చట్రం అప్పుడే విప్పడం మొదలుపెట్టాడు. రెక్కలు తీశాడు, మెడ దించి గోడకు చేరేశాడు. లోపల ట్రాక్టరు ఎప్పటిలా బయటపడింది.

"ఈ సీటేంటో ఒరిగిపోతోంది" అంది మేనకోడలు దిగుతూ. "వాలులో పక్కకు జారిపోతానేమోనని భయమేసింది."

వడ్రంగి వంగి చూశాడు. సీటు మీద పాత దిండు ఒకటి ఉంది, దూది దిండు. చేత్తో ఎగదోసి, దులిపి, రెండువైపులా సమంగా సర్దాడు. చెయ్యి తియ్యగానే అది మళ్ళీ మునుపటిలాగే అయింది. ఉన్న ఒక్క కన్నూ రోడ్డుకు సూటిగా రావాలంటే మనిషి ఎటు ఒరిగి కూర్చోవాలో అతను తన తల ఒకసారి అలా వంచి చూసుకున్నాడు. తర్వాత సుత్తి పక్కన పెట్టి, కొట్టం గుమ్మంలోంచి పై వీధి వైపు చాలాసేపు చూశాడు.

సీటు మీద ఆ దిండు కుడివైపు కొత్తదానిలా ఉబ్బి, ఎడమవైపు అట్టముక్కలా అణిగి అలాగే ఉంది.